నాపరాళ్ళ కింద మడి

పెరట్లో గడ్డపార చప్పుడు వినబడి అజ్మత్ బీ టీ గిన్నెను పొయ్యి మీదే వదిలేసి బయటికొచ్చింది. తెల్లారి ఇంకా గంట కాలేదు. ప్రొద్దుటూరు వీధుల్లో పాలవాళ్ళ మోపెడ్లు అప్పుడే తిరుగుతున్నాయి. పెరడంతా పరిచిన నాపరాళ్ళలో నాలుగు ఇప్పటికే లేచి గోడకు ఆనుకుని ఉన్నాయి. అయిదో రాయి కింద గడ్డపార మొన దూర్చి, లుంగీ ఎగగట్టుకుని, ఆమె భర్త మున్వర్ దాన్ని పైకి లేపుతున్నాడు.

"ఏం చేస్తాండావయ్యా పొద్దుపొద్దున్నే?"

"మడి కడతాండా" అన్నాడాయన తలెత్తకుండా. "వానలు తగ్గినాయి గదా. బీన్స్ పెట్టేకి ఇదే అదును. పొద బీన్స్. పొట్టిగా ఉంటాయి, పందిరి గిందిరి ఏమీ అక్కర్లే."

"బీన్స్ మార్కెట్లో దొరకవా? ఈ బండలు పరిపించేకి మేస్త్రీతో నేనెంత కొట్లాడినానో నీకేం తెలుసు? వాన పడితే ఈడ కాలు మోపేకి ఉండేది కాదు."

"ఒక్క మూలే, అజ్మత్. తొమ్మిది బండలు తీస్తా, అంతే."

ఆమె ఇంకేదో అనబోయింది. లోపల టీ పొంగి మాడిన వాసన వస్తే తిట్టుకుంటూ పరుగెత్తింది.

మున్వర్ కువైట్ నుంచి పూర్తిగా వచ్చేసి నాలుగు నెలలయింది. ఇరవై ఒక్కేళ్ళు అక్కడి కూరగాయల తోటల్లో పనిచేశాడు. మధ్యలో ఏడుసార్లు వచ్చాడు, వచ్చినప్పుడల్లా రెండు నెలలు ఉన్నాడు. ఆ రెండు నెలలూ ఇంట్లో పండగలా గడిచేవి. బంధువులు వచ్చేవారు, బిర్యానీ దేగిశాలు దిగేవి, సామాన్ల పెట్టెలు తెరుచుకునేవి. ఇప్పుడు వచ్చింది పండగలా కాదు. మామూలు సోమవారాలు, మామూలు మంగళవారాలు. ఆ మామూలు రోజుల్లో ఎక్కడ కూర్చోవాలో ఆయనకు తెలియలేదు. వంటింట్లోకి వచ్చే ముందు గడప దగ్గర నిలబడి దగ్గేవాడు. ఫ్యాను వేసుకుంటానని అడిగి వేసుకునేవాడు. సొంత ఇంట్లో మనిషి అట్లా అడుగుతుంటే అజ్మత్ బీకి ఒక్కోసారి జాలి వేసేది, ఒక్కోసారి ఒళ్ళు మండేది.

ఇల్లు కట్టించింది ఆమే. జమ్మలమడుగులో అత్త చనిపోయాక, పిల్ల చదువు కోసం ప్రొద్దుటూరుకు వచ్చి, స్థలం చూసి, పునాది తీయించి, కిటికీలకు రంగు ఎంచింది ఆమే. ఒక్కతే కూతురు జువేరియా. ఇరవై ఒకటి నిండాయి. డిగ్రీ ముగించి ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. బడిలో నలభై మంది పిల్లలను ఒక్క చూపుతో అదుపులో పెట్టే ఆ అమ్మాయికి తండ్రితో ఎట్లా మాట్లాడాలో మాత్రం తెలియదు. ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నా, "అమ్మీ, అబ్బాను బువ్వకు రమ్మను" అని తల్లికి చెప్పేది.

బండల కింది నేల ఏళ్ళ తరబడి వెలుతురు చూడక రాయిలా గట్టిపడి ఉంది. మున్వర్ దాన్ని రెండు రోజులు నీళ్ళతో తడిపి, మూరెడు లోతు తవ్వి, చివికిన పశువుల ఎరువు, రెండు బస్తాల ఇసుక కలిపాడు. గడ్డలు చేత్తో చిదిపాడు. నాలుగో రోజు సాయంత్రం విత్తనాల పొట్లం విప్పి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సాలుకూ సాలుకూ మధ్య మూరెడు, గింజకూ గింజకూ మధ్య బెత్తెడు. చూపుడు వేలు ఒక్క కణుపు లోతు గుచ్చడం, గింజ వేయడం, మట్టి కప్పి అరచేత్తో మెల్లగా తట్టడం. ఆ తట్టడం చూస్తే చంటిబిడ్డను నిద్రపుచ్చుతున్నట్టే ఉంది.

జువేరియా మెట్ల మీద నోటుపుస్తకాలు దిద్దుతూ అది చూసింది.

"అమ్మీ, గింజలు నానబెట్టరా?" అని తల్లిని అడిగింది.

జవాబు మడి దగ్గర నుంచి వచ్చింది. "బీన్స్ గింజ నానబెడితే పగిలి కుళ్ళిపోతాదమ్మా. నేలలో ఉన్న తేమే సరిపోతాది. మొలక బయటికి వచ్చేదాకా ఎక్కువ నీళ్ళు పోయగూడదు."

"ఓ" అంది జువేరియా. తలవంచుకుని మళ్ళీ పుస్తకాల్లో పడింది. నాలుగు నెలల్లో తండ్రీకూతుళ్ళ మధ్య అజ్మత్ బీ లేకుండా జరిగిన మొదటి సంభాషణ అది.

ఆరో రోజున మొలకలు వచ్చాయి. బట్టలు ఆరేయడానికి వెళ్ళిన అజ్మత్ బీ మడి పక్కన ఆగిపోయింది. మెడలు వంచుకుని, నెత్తి మీద మట్టి పెళ్ళలు మోసుకుంటూ, వరసగా లేస్తున్నాయి. తడి దుప్పటి చేతిలో అట్లాగే ఉండిపోయింది.

జమ్మలమడుగులో అత్తవారి పెరడు ఇంతకు నాలుగింతలు. పెన్నేరు దగ్గరి నేల, ఏది వేసినా లేచేది. పెళ్ళయి ఆ ఇంట్లో కాలు పెట్టిన నెలకే మున్వర్ అక్కడ బీన్స్ వేశాడు. గింజలు ఇచ్చింది పక్కవీధి సరోజమ్మ. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసేది. ఎప్పుడో దొరసానుల కాలం నుంచి ఆ కాంపౌండులో దాచుకుంటూ వచ్చిన విత్తనమని, చేతిరుమాలులో మూటకట్టి ఇచ్చింది. ఊళ్ళో చాలామందికి అప్పటికి బీన్స్ అంటే పెళ్ళి భోజనాల్లో కనబడే కూరగాయ. ఇంటి వెనక కాస్తుందంటే చూడటానికి వచ్చేవారు.

పొద్దున్నే మంచు ఆరేదాకా ఆకు ముట్టుకోకూడదని మున్వర్ ఆమెకు నేర్పాడు. తడిమీద చెయ్యి పెడితే ఆకుకు తుప్పు తెగులు వస్తుందట. అందుకని ఇద్దరూ మెట్టు మీద కూర్చుని మంచు ఆరడం కోసం ఎదురుచూసేవారు. ఇంటినిండా జనం ఉండే ఆ ఇంట్లో కొత్త మొగుడూ పెళ్ళాలకు దొరికిన తీరిక ఆ అరగంటే. ఆయన ఇరవై నాలుగేళ్ళవాడు, ఆమె పంతొమ్మిదేళ్ళది. ఏం మాట్లాడుకున్నారో ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తులేదు. నవ్వింది మాత్రం గుర్తుంది. లోపలినుంచి అత్త, "ఏందే ఆ నవ్వులు, కాకులు బెదిరిపోతాండాయి" అని కేకవేసింది గుర్తుంది.

తెల్లపూత వచ్చిన వారానికి ఆయన వీసా వచ్చింది. ముద్దనూరులో రైలెక్కాడు. ఆమెకు అప్పుడే నెల తప్పింది. మొదటి కాయ మొదలు చివరి కాయ దాకా ఆమె ఒక్కతే కోసింది. "దినం మార్చి దినం కోస్తా ఉండల్ల కోడలా, ముదరనిచ్చినావంటే ఇంక నా పని అయిపోయిందిలే అనుకుని చెట్టు పూయడం మానేస్తాది" అని అత్త చెప్పింది. వాంతులతో తల తిరుగుతున్నా కోసింది.

దుప్పటి నీళ్ళు పాదాల మీద కారుతుంటే తేరుకుని, ఆమె వెళ్ళి దాన్ని తీగ మీద వేసింది.

*

నవంబరులో పులివెందుల నుంచి అమీర్ బాషా ఫోన్ చేశాడు. కువైట్‌లో మున్వర్‌తో పన్నెండేళ్ళు ఒకే గదిలో ఉన్న మనిషి. మూడేళ్ళ క్రితమే తిరిగొచ్చి సొంత ఊళ్ళో చెప్పుల అంగడి పెట్టుకున్నాడు. ఆయన కొడుకు నయీం ఇప్పుడు కువైట్‌లో ఏసీ మెకానిక్కు. జనవరిలో నలభై అయిదు రోజుల సెలవు మీద వస్తున్నాడు. జువేరియాను ఇస్తారా అని నోరు తెరిచి అడిగాడు.

అజ్మత్ బీకి కాళ్ళు నేల మీద నిలవలేదు. పిల్లవాడికి బీడీ సిగరెట్టు అలవాటు లేదు, ఇంట్లో ఆడబిడ్డల పోరు లేదు. అన్నిటికంటే, తెలిసిన మనుషులు.

"పిల్లను అడుగు" అన్నాడు మున్వర్.

"అడగక? అడుగుతాలే" అంది. కానీ పులివెందులకు సరేనని మాటిచ్చిందే గానీ పిల్లను అడగలేదు. ఈ రోజు, రేపు అంటూ దాటేసింది. మంచి సంబంధానికి ఎవరైనా కాదంటారా అన్న ధైర్యం ఒక పక్క, ఏదో జంకు ఒక పక్క. ఈలోగా మడిలో మొక్కలు మోకాలెత్తు పెరిగి గుబురుకట్టాయి. మధ్యాహ్నం ఎండకు పూత రాలుతోందని మున్వర్ పాత చీర ఒకటి అడిగి తీసుకుని నీడకు కట్టాడు. పదిహేను రోజుల తేడాతో రెండో మడి కూడా విత్తాడు, ఒకటి అయిపోయేసరికి ఇంకొకటి అందుకునేట్టు. దాని కోసం ఇంకో ఆరు బండలు లేచాయి. అజ్మత్ బీ ఈసారి మేస్త్రీ ఊసెత్తలేదు.

డిసెంబరు మొదటి ఆదివారం కోతకు సిద్ధమైంది. మున్వర్ మంచు ఆరేదాకా ఆగి, చాట పట్టుకుని సాలులోకి దిగాడు. ఆ పొద్దుటే అజ్మత్ బీ పెరటి మెట్ల మీద కూతురికి తల దువ్వుతూ మాట కదిపింది.

"వచ్చే ఆదివారం పులివెందులోళ్ళు నిన్ను సూసేకి వస్తాండారు. జనవరిలో నిఖా అనుకుంటాండాం."

జువేరియా దువ్వెన పట్టుకున్న తల్లి చేతిని ఆపేసింది. "ఎవురు అనుకుంటాండారు?"

"మేమే. నయీం మంచి పిల్లోడు."

"మంచోడే కావచ్చు అమ్మీ. నలభై అయిదు దినాలుండి పోయేవానితో నాకు పెండ్లి వద్దు."

"పోతే మళ్ళా రాడా? మీ అబ్బా రాలేదా?"

"వచ్చినాడు, ఏడుసార్లు" అంది జువేరియా. గొంతు పెరిగింది. "నాలుగోసారి వచ్చినప్పుడు నాకు తొమ్మిదేండ్లు. గేటు తీసి, ఎవురు కావాల అని అడిగినా. నువ్వు వంటింట్లోనుంచి ఉరికొచ్చి, మీ అబ్బానే అని చెప్పినావు. ఆ రాత్రి ఏడ్చినా. నాకు సిగ్గేసింది."

సాలులో వంగి ఉన్న మున్వర్ కదలలేదు. ఆయన చేతిలో తుంచిన కాయలు గుప్పెడు ఉన్నాయి.

"నోరుముయ్! మీ అబ్బా ఆడనే ఉన్నాడు" అంది అజ్మత్ బీ.

"అబ్బాను అంటాండా అనుకుంటాండావా? నిన్ను అంటాండా అమ్మీ. నూటమూడు జొరంతో పండుకుని కూడా ఫోన్లో అంతా బాగుంది అని నవ్వుతా చెప్తావు. ఫోన్ పెట్టినాక గోడవైపు తిరుక్కుని కూర్చుంటావు. నేను అది సూస్తా పెరిగినా. నీ మాదిరి బతకడం నాతో కాదు."

అజ్మత్ బీ చేతిలో దువ్వెన కిందపడింది. 'నీ మాదిరి.' చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

"నా మాదిరి అంటే ఏంది? నా బతుక్కు ఏమొచ్చింది? ఒకరి గడప తొక్కినానా? ఒకరితో మాట పడినానా?"

మున్వర్ మడిలోంచి బయటికొచ్చాడు. కాయలు చాటలో వేసి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "పిల్ల చెప్పేది నిజమే అజ్మత్. ఈ సంబంధం వద్దులే. అమీర్‌కు నేను చెప్తా."

అంతే. ఆమె భర్త వైపు తిరిగింది. అన్నేళ్ళలో ఎప్పుడూ ఆయన మీద ఎత్తని గొంతు ఎత్తింది.

"నువ్వు చెప్తాండావా? నువ్వా? ఇరవై ఒక్కేండ్లు నేను ఒక్కదాన్నే ఈ ఇల్లు మోసినా. మీ అమ్మకు నీళ్ళు పోసి సాగనంపినా. ఇప్పుడు తండ్రీబిడ్డా ఒకటై అదంతా తప్పంటాండారా? తప్పయితే ముందే చెప్పల్ల గదా!" ఊపిరి అందక ఆగి, మడివైపు చెయ్యి చూపింది. "ఈ బండలు ఎందుకు పరిపించినానో తెలుసా నీకు? బురద అని ఊరందరికీ చెప్పినా. మట్టి కనబడితే గింజ పెట్టాలనిపిస్తాది. పెడితే పూస్తాది. పూస్తే నువ్వు రైలెక్కిన దినం గుర్తొస్తాది. అందుకే మూసేసినా. ఒక్క జానెడు కూడా లేకుండా మూసేసినా!"

కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

*

మూడు రోజులు ఇంట్లో మాటలు లేవు. అజ్మత్ బీ వండి మూతపెట్టేది, వాళ్ళు తిని గిన్నెలు కడిగేవారు. కోసిన కాయలు చాటలో వాడిపోయాయి. మొక్కల మీద ఉన్నవి రోజురోజుకూ లావెక్కుతున్నాయి.

నాలుగో రోజు పొద్దున వంటింటి కిటికీలోంచి ఆమె చూసింది. మెట్టు మీద తండ్రీకూతుళ్ళు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. బడికి వెళ్ళే బట్టల్లోనే ఉంది జువేరియా.

"ఇంకెంతసేపు అబ్బా?"

"ఆకు మీద తడి పోవల్ల. ఇంకో పది నిమిషాలు."

"ఇది కోయొచ్చా? ఇది ముదిరిందా?"

"తుంచి సూడు. టక్కుమంటే లేత. పీచు సాగితే ముదురు. ఒక చేత్తో కొమ్మ పట్టుకో, ఇంకో చేత్తో తుంచు. లాగినావంటే చెట్టే ఊడొస్తాది."

టక్కుమన్న చప్పుడు కిటికీ దాకా వినబడలేదు. కూతురు నవ్వడం మాత్రం వినబడింది. అజ్మత్ బీ పొయ్యి వైపు తిరిగింది. కళ్ళు మసకబారాయి.

జువేరియా స్కూటీ వెళ్ళిన చప్పుడయ్యాక మున్వర్ వంటింట్లోకి వచ్చాడు. గడప దగ్గర ఆగలేదు, దగ్గలేదు. నేరుగా వచ్చి చాట గట్టు మీద పెట్టి, కింద పీట మీద కూర్చున్నాడు.

"నీ బతుకు తప్పని నేను అన్లేదు" అన్నాడు. "నేను నీకు ఒకటి చెప్పల్ల. చెప్పినాక తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

ఆమె వెనక్కి తిరగకుండా నిలబడింది.

"మొదట నేను పోయింది అవసరమై. అమ్మ మందులు, నీ కాన్పు, నెత్తిమీద సరైన కప్పు లేదు. అది నీకు తెలుసు. ఆరోసారి వచ్చినప్పుడు ఈ ఇల్లు లేచింది, అవసరాలు తీరినాయి. ఉండిపోవచ్చు. అయినా పోయినా. ఎందుకు పోయినానో తెలుసా?"

"మా కోసమే గదా."

"కాదు. భయమేసి పోయినా. ఈ ఇంట్లో ఏది యాడుందో నాకు తెలీదు. పిల్ల ఏం చదువుతాందో తెలీదు. నువ్వు అన్నీ సక్కగా చేసుకుంటాండావు, ఈడ నాకు పనేముందిలే అనిపించింది. ఆ ఎడారిలో మొక్కలకు నేను కావాల. ఈడ ఎవురికీ నేను అక్కర్లే అనుకున్యా."

అజ్మత్ బీ మెల్లగా వెనక్కి తిరిగింది. ఆ ఆరోసారి ఆమెకు బాగా గుర్తుంది. ఆయన పెట్టె సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి, 'మా గురించి ఏం దిగులుపడొద్దు, నేను సూసుకుంటాలే' అని నవ్వుతూ చెప్పింది. అట్లా చెప్పగలిగినందుకు ఆ తర్వాత చాలా రోజులు తన మీద తనకే గర్వంగా ఉండేది.

"నేను ఉండిపో అని ఒక్క మాట అనింటే?" అంది.

"ఉండిపోయేవాణ్ణి."

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. ఒక్క మాట. ఏడుసార్లూ నాలుక చివరి దాకా వచ్చిన మాట. అడిగితే బలహీనత అనుకుంది, అడగకపోవడమే కాపురం అనుకుంది. ఆ మాటనే ఆమె కడుపున పుట్టిన పిల్ల మొన్న, మొగుడు కూడా కాని మనిషి గురించి, పెళ్ళికి ముందే అడిగేసింది. అది చూసి తనకు కోపం ఎందుకు వచ్చిందో అజ్మత్ బీకి ఇప్పుడు అర్థమైంది. చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మున్వర్ చాట కిందికి దించుకుని, ఆమె పక్కన కూర్చుని కాయలకు ఈనెలు తీయడం మొదలుపెట్టాడు.

చాలాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని, "అమీర్ అన్నకు నువ్వు ఫోన్ చేయొద్దు" అంది. "ఆశ పెట్టింది నేను. నేనే పోయి చెప్తా. మొహం సూసి చెప్పల్ల."

*

ఆదివారం వాళ్ళను రావద్దని చెప్పి, మేమే వస్తామని శనివారమే బయల్దేరారు. వట్టి చేతులతో ఎట్లా వెళ్ళడమని మున్వర్ పొద్దున కోసిన బీన్స్ సంచినిండా పోశాడు. వద్దని చెప్పడానికి వెళ్తూ కూరగాయలు పట్టుకెళ్ళడమేంటని అజ్మత్ బీకి దారంతా మనసు పీకింది.

పులివెందులలో అమీర్ బాషా భార్య ఖైరున్ బీ వాళ్ళను వాకిట్లోకి ఎదురొచ్చి తీసుకెళ్ళింది. మగవాళ్ళు ముందు గదిలో కూర్చుని కువైట్ కబుర్లలో పడ్డారు. ఖైరున్ బీ సంచి విప్పి చూసి, "ఎంత లేతగా ఉండాయో సూడు వదినా! ఈ పొద్దుకు ఇదే కూర" అని రెండు చాటలు తెచ్చి వంటింట్లో కింద వేసింది. ఆడవాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని కాయల తొడిమలు తుంచసాగారు.

"జువేరియాను కూడా తీసుకొస్తారనుకున్యా" అంది ఖైరున్ బీ.

అజ్మత్ బీ చేయి ఆగింది. రెండు మూడు రోజులుగా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"వదినా, నా మీద కోపం పెట్టుకోవద్దు. పిల్ల వద్దంటాంది. నయీంలో వంక ఏమీ లేదు. మొగుడు దూరదేశంలో ఉంటే ఉండలేనంటాంది. నేను ముందే అడగల్ల. అడక్కుండా మీకు మాటిచ్చేసినా. తప్పు నాది."

ఖైరున్ బీ ఒక కాయ తీసుకుని మూడు ముక్కలుగా విరిచింది. ఇంకొకటి తీసుకుని విరిచింది. అజ్మత్ బీకి ఆ చప్పుళ్ళు ఒక్కొక్కటీ వీపు మీద పడుతున్నట్టుంది. ఆమె లేవమంటే లేచి వెళ్ళిపోవడానికి సిద్ధంగా కూర్చుంది.

"మీ పిల్ల నోరు తెరిచి చెప్పిందా ఆ మాట?" అని అడిగింది చివరికి.

"చెప్పింది. వాళ్ళబ్బా ముందరే చెప్పింది."

ఖైరున్ బీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా పెండ్లప్పుడు నన్ను ఎవురూ అడగలేదు వదినా. అడిగినా నాకు చెప్పేది తెలీదు. మీ అన్న కువైట్‌కు పోయినాక రెండేండ్లు దినామూ ఏడ్చినా. ఆ మీద ఏడ్చేది మర్సిపోయినా. ఇప్పుడు ఆయప్ప వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. కోపంగా ఉందో, సంతోషంగా ఉందో నాకే తెలీదు." చేతి వెనకతో కళ్ళు తుడుచుకుంది. "కోడలిని తెచ్చుకుని ఆ పిల్ల మొహంలో నా మొహం సూసుకోవల్ల గదా అని రాత్రుళ్ళు నాకు అనిపిస్తానే ఉంది. ఎవురితో అనలేదు. నా కొడుక్కే సంబంధం వద్దని నేనెట్లా అంటా?"

అజ్మత్ బీ ముందుకు వంగి ఆమె చేయి పట్టుకుంది. ఇద్దరి వేళ్ళకూ కాయల పచ్చిపసరు అంటి ఉంది. అంతలో ముందు గదిలోంచి అమీర్ బాషా, "ఏమ్మే, నీళ్ళు ఇచ్చేవాళ్ళు లేరా ఈ ఇంట్లో?" అని కేకవేశాడు.

"బిందె ఆడనే ఉంది, లేచి ముంచుకో!" అని ఖైరున్ బీ తిరిగి కేకవేసింది. ఆ అరుపుకు ముందు గదిలో మాటలు ఆగిపోయాయి. ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏడుపు మధ్యలోనే నవ్వారు.

భోజనాల దగ్గర ఖైరున్ బీయే భర్తకు విషయం చెప్పింది. ఆయన మొహం కాసేపు ముడుచుకుంది. కూర రెండోసారి వడ్డించుకున్నాక, "సరేలేప్పా, రాసిపెట్టలేదు" అని మున్వర్ భుజం మీద చేయి వేశాడు. వెళ్ళేటప్పుడు ఖైరున్ బీ వాకిలి దాకా వచ్చి, "నయీంకు ఫోన్ చేసి, మీ పిల్ల ఏమనిందో చెప్తా. వానికీ తెలియల్ల" అంది.

సాయంత్రం బస్సులో జనం పలచగా ఉన్నారు. మున్వర్ కిటికీ పక్క సీటు భార్యకు ఇచ్చాడు. బస్సు ముద్దనూరు దాటింది. ఎండిన చేలూ, దూరంగా ఎర్రమల గుట్టలూ వెనక్కి పోతున్నాయి.

"అజ్మత్" అన్నాడు ఉన్నట్టుండి. "జువేరియా పుట్టిన దినం ఎండా, వానా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. తేదీ ఆయనకు తెలుసు, ప్రతి ఏడూ మరవకుండా ఫోన్ చేసేవాడు. ఎండో వానో ఎప్పుడూ అడగలేదు. ఆమె కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"వాన" అంది. "కుండపోత. ఆటోవాడు రానన్నాడు. మీ అమ్మ వాణ్ణి చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది."

"మా అమ్మనా?"

"మరి ఎవురు? ఆసుపత్రిలో కరెంటు పోయింది. నేను అరుస్తాంటే, మీ అమ్మ బయట తలుపు దగ్గర నిలబడి నాకంటే గట్టిగా దువా చదువుతాంది. డాక్టరమ్మ లోపలికొచ్చి, కాన్పు నీకా మీ అత్తకా అనింది..."

ఆయన ఆమె వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు. ఆమె చెబుతూ పోయింది. పిల్ల మొదట ఎడమ కన్ను తెరిచిన సంగతి, మూడు రోజులు పాలు తాగకుండా బెదరగొట్టిన సంగతి, తలకు నూనె పెడితే నవ్విన సంగతి. చెప్తూ చెప్తూ మధ్యలో కళ్ళు తుడుచుకుంది, మధ్యలో నవ్వింది. ఆయన ఎక్కడా అడ్డురాలేదు. "ఆ తర్వాత?" అని మాత్రం అడుగుతూ వచ్చాడు.

బస్సు ప్రొద్దుటూరు చేరేసరికి ఆమె చెప్పే మాటల్లో పిల్లకు మూడో నెల వచ్చింది.